కడ్డీ మీద చిన్న సీటు

సైకిలు ముందు కడ్డీకి పాపకోసం చిన్న సీటు బిగించాక, అరసవల్లి దారి పొడుగైంది. శ్రీకాకుళం నుంచి రెండు కిలోమీటర్లే గాని, ఇప్పుడు ప్రతి గుంతనీ పలకరించి వెళ్తున్నాను. పాప నడినెత్తి సరిగ్గా నా గడ్డం కింద ఉంటుంది. కొబ్బరినూనె వాసన, పాల వాసన. లారీ హారన్ వినబడితే బ్రేకు కంటే ముందు నా మోచేతులు దగ్గరకొస్తాయి.

ఏటా మార్చిలో, అక్టోబరులో కొన్ని ఉదయాలు తొలి కిరణాలు అరసవల్లి గుడి ద్వారాలు దాటి సూర్యనారాయణస్వామి పాదాలు తాకుతాయి. మబ్బు పట్టిందా, అంతే; ఎదురుచూసిన జనం దణ్ణం పెట్టుకుని వెళ్లిపోతారు. పాప మాత్రం ముఖమ్మీద ఎండ పడ్డ ప్రతిసారీ కళ్లు చికిలించి నవ్వుతుంది.

నన్నూ నాన్న ఇలాగే తిప్పాడు, కడ్డీకి తువ్వాలు చుట్టి. రథసప్తమి జనం, జిల్లేడాకులు, ఇంద్రపుష్కరిణి మెట్లు అన్నీ గుర్తే. తొక్కుతున్న నాన్న ముఖం మాత్రం గుర్తులేదు. ముందు కూర్చున్నవాడికి కనబడేది రోడ్డే కదా! అప్పుడు ఆయన ఏం ఆలోచించేవాడో, ఎంత భయపడేవాడో? ఈ ఆదివారం అడగాలి.