అవ్వకు వినబడేటట్టు

ఫోన్‌లో ఇంటర్వ్యూ అంటే మొదట నాకు భయమే వేయలేదు. ఎదురుగా ఎవరూ కూర్చోరు. మంచి చీర అక్కరలేదు, బస్సు పట్టుకుని పోనక్కరలేదు. పైగా ఆ ఉద్యోగానికి తెలుగు మాట్లాడేవాళ్లే కావాలన్నారు. ఒక బ్యాంకు ఖాతాదారులు ఫోన్ చేస్తే జవాబు చెప్పే పని, చెన్నైలోనే. తెలుగు, తమిళం, కొంచెం ఇంగ్లీషు వస్తే చాలట. మా క్లాసులో పేర్లు ఇచ్చిన తొమ్మిదిమందిలో ఇంట్లో తెలుగు మాట్లాడేది నేనూ, ఇంకొక అమ్మాయీ. "నీకేంలే, నీకు వచ్చినట్టే" అన్నారు అందరూ. నేనూ అట్లే అనుకున్నాను.

ఆ ఇంటర్వ్యూ నాలుగు నిమిషాల్లో ముగిసిపోయింది.

నా తయారీ అంతా ఏమిటంటే, "మీ గురించి చెప్పండి" అనే ప్రశ్నకు ఒక పేజీ జవాబు రాసుకుని బట్టీ పట్టడం. హాస్టల్ మెట్ల మీద కూర్చుని, కాగితం ఒళ్లో పెట్టుకున్నాను. సగం చెప్పేసరికి పైనుంచి ఎవరో బకెట్ పట్టుకుని దిగారు. వరుస తప్పింది. కాగితం తిప్పాను. ఆ చప్పుడు అవతలికి వినబడినట్టుంది. "చూసి చదువుతున్నారా అమ్మా?" అని అడిగిందావిడ. కోపంగా కాదు, మామూలుగానే. "లేదండీ" అన్నాను. అది అబద్ధమని మా ఇద్దరికీ తెలుసు.

తర్వాత ఇంకొక ప్రశ్న వేసింది. "ఒక పెద్దాయన ఫోన్ చేశారనుకోండి. తన ఖాతాలో 236 రూపాయలు తగ్గాయి, ఎందుకని అడుగుతున్నారు. ఆయనకు అర్థమయ్యేటట్టు తెలుగులో చెప్పండి." నేను "సార్, మీ అకౌంట్‌లో మినిమమ్ బ్యాలెన్స్ మెయింటెయిన్ చేయనందువల్ల..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. పుట్టినప్పటినుంచి మాట్లాడుతున్న భాషలో ఒక్క వాక్యం పూర్తిచేయలేకపోయాను. చివర్లో ఆవిడ, "మీ తెలుగు కొంచెం వేరేగా ఉంది, మీదెక్కడ?" అంది. హోసూరు అన్నాను. "ఓ, తమిళనాడా" అంది. మెయిల్ వస్తుందని చెప్పింది. రాలేదు.

ఉద్యోగం పోయినందుకన్నా ఆ "వేరేగా" అన్న మాటకే ఎక్కువ బాధపడ్డాను. మా హోసూరులో తెలుగు నిన్నమొన్న వచ్చింది కాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మేము మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయాము, అంతే. సంతలో తెలుగు, కన్నడం, తమిళం మూడూ నడుస్తాయి. 2006లో తమిళం తప్పనిసరి అని చట్టం వచ్చిన తర్వాత బడిలో చేరినదాన్ని కాబట్టి నేను తమిళమే చదివాను. తెలుగు అక్షరాలు వేసవి సెలవుల్లో అమ్మ నేర్పించింది. ఇంత కష్టపడి నిలుపుకున్న తెలుగు ఒక ఫోన్‌కాల్‌కు చాలలేదా అనిపించింది.

అందుకని దాన్ని మార్చుకుందామని చూశాను. ఒక వారం టీవీ వార్తలు పెట్టుకుని, చదివే అమ్మాయి వెంటనే పలకడం సాధన చేశాను. ఒకరోజు ఆ గొంతుతోనే ఊళ్లో ఉన్న మా అవ్వకు ఫోన్ చేశాను. "నమస్కారమండీ, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాను" అన్నాను. "మా ఇంట్లో ఎవురూ లేరు" అని అవ్వ పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. మూడోసారి మా మామ ఎత్తి ఒకటే నవ్వు. బ్యాంకు పేరు చెప్పి ఎవరు ఫోన్ చేసినా పెట్టేయమని అవ్వకు తనే చెప్పాడట.

నవ్వులాటగా మొదలైనా, ఆ సాయంత్రం నుంచి అవ్వే నాకు ఇంటర్వ్యూ చేసే మనిషి అయింది. రోజూ ఏడు గంటలకు ఫోన్ చేస్తాను. ఆమెకు ఒక చెవి సరిగా వినబడదు. అర్థం కాకపోతే మొహమాటానికి ఊఁ కొట్టే మనిషి కాదు. "ఏమి పాపా, గాలి మాదిరి పోతా ఉండావు. ఒగ మాట చెప్పి నిలువు. అది నా చెవిలో పడినాక ఇంగొగటి చెప్పు" అనేది.

మొదట ఆ 236 రూపాయల లెక్కే తీసుకున్నాను. "అవ్వా, నీ ఖాతాలో ఎప్పుడూ కొంత డబ్బు ఉండాల. అంతకన్నా తగ్గింది. అందుకని బ్యాంకోళ్లు 200 పట్టుకున్నారు. ఆ 200 మీద నూటికి 18 చొప్పున పన్ను 36. రెండూ కలిసి 236." నాకు చాలా సంతోషం వేసింది, ఇంగ్లీషు లేకుండా చెప్పేశానని. అవ్వ మాత్రం, "నన్నడగకుండా ఎట్ల పట్టుకుంటారు?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. నిజంగా ఫోన్ చేసే పెద్దాయన కూడా అదే అడుగుతాడు కదా. మరుసటి రోజు లైబ్రరీలో కూర్చుని వెతికాను. ఖాతాలో నిల్వ తగ్గితే బ్యాంకు ముందు తెలియజేయాలి, సరిచేసుకోవడానికి కనీసం ఒక నెల గడువు ఇవ్వాలి, ఆ తర్వాతే చార్జీ వేయాలి అని రిజర్వ్ బ్యాంకు 2014లోనే చెప్పింది. కనీస నిల్వ అక్కరలేని ఖాతా కూడా ఉంది, అడిగితే ఇస్తారు. ఇవి తెలిసిన తర్వాత నా గొంతులో వణుకు తగ్గింది. అప్పుడు తెలిసింది, నాకు రాకపోయింది తెలుగు ఒక్కటే కాదు, చెప్పవలసిన సంగతి కూడా.

అయితే తెలుగులోనూ లోపాలున్నాయి. అంకెలు మొదటిది. "రెండు వేల ఇరవై" అంటే అవ్వకు "రెండు వేల అరవై" అని వినబడేది. తప్పు ఆమె చెవిది అనుకున్నాను. మా రూములో ఉండే ఫిజిక్స్ అమ్మాయి వేరే కారణం చెప్పింది. మామూలు టెలిఫోన్ లైను మన గొంతునంతా మోయదట, సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ఉన్న ధ్వనులనే మోస్తుందట. అందుకే ఫోన్‌లో "ఎస్" అంటే "ఎఫ్" లాగా వినబడుతుంది. అప్పటినుంచి ఏ మొత్తమైనా రెండుసార్లు చెప్పడం అలవాటు చేసుకున్నాను, ఒకసారి మొత్తంగా, ఒకసారి అంకె అంకెగా: "రెండు వేల ఇరవై, రెండు, సున్నా, రెండు, సున్నా."

రెండోది మాటలు. మేము కంతు అనేదాన్ని కొందరు వాయిదా అంటారు, కొందరు కిస్తీ అంటారు. మేము బీగం అంటే వాళ్లు తాళం అంటారు. ఫోన్ చేసేవాళ్లు శ్రీకాకుళం వాళ్లు కావచ్చు, ఆదిలాబాదు వాళ్లు కావచ్చు. మా మాట తప్పు కాదు, కానీ వాళ్ల మాట నాకు తెలియకపోతే కుదరదు. ఒక నోటుబుక్కులో ఇట్లాంటివి పక్కపక్కన రాసుకున్నాను. టీవీ గొంతు మానేశాను.

ఫిబ్రవరిలో ఇంకొక సంస్థ నుంచి పిలుపు వచ్చింది. ఈసారి మెట్ల మీద కూర్చోలేదు. మా తెలుగు మేడమ్‌ను అడిగితే డిపార్టుమెంటు గది తాళం ఇచ్చారు. ముందురోజు అదే గదినుంచి అవ్వకు ఫోన్ చేసి సిగ్నల్ ఉందో లేదో చూసుకున్నాను. ఫోన్ నిండా చార్జి పెట్టాను, ఫ్యాన్ ఆపేశాను, మంచినీళ్లు దగ్గర పెట్టుకున్నాను. పేజీల జవాబులు లేవు. ఒక అట్టముక్క మీద నాలుగు మాటలు, నా మార్కులు, నేను అడగవలసిన రెండు ప్రశ్నలు రాసుకున్నాను. అట్ట తిప్పినా చప్పుడు కాదు. కూర్చోకుండా నిలబడి మాట్లాడాను, అట్లయితే నాకు ఊపిరి బాగా అందుతుంది.

ఈసారి అడిగినాయన తనే ముసలాయన లాగా మాట్లాడాడు. "నా కంతు రెండుసార్లు పట్టారు. నా డబ్బు ఎప్పుడిస్తారు?" ఒక మాట చెప్పి నిలిచాను. ఆయన వినేదాకా ఆగాను. ఏ తేదీన తిరిగి పడుతుందో నాకు తెలియదు. అదే చెప్పాను: "రోజు కచ్చితంగా నేను ఇప్పుడు చెప్పలేనండీ. ఫిర్యాదు రాసుకుని మీకు నంబరు ఇస్తాను. కాగితం, పెన్ను దగ్గరున్నాయా?" కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదాయన. లైను పోయిందేమో అనుకున్నాను. రాసుకుంటున్నాడట.

చివర నా ప్రశ్నలు అడగమన్నారు. "సంబళం ఎంతండీ?" అనేశాను. అవతల నిశ్శబ్దం. "జీతమండీ. మా హోసూరులో సంబళం అంటాము" అన్నాను. ఆయన జీతమూ, షిఫ్టుల వేళలూ చెప్పారు. అంతే, ఆకాశం విరిగి మీద పడలేదు.

వచ్చే గురువారం నేరుగా రమ్మన్నారు. వస్తుందో రాదో తెలియదు. మన కాలేజీలో ఇట్లాంటి పిలుపుకోసం చూసే చెల్లెళ్లకు ఒక్కటే చెప్తాను. జవాబును అద్దం ముందు చెప్పుకోవద్దు. నిజంగా తెలుసుకోవాలని ఉండి, అర్థం కాకపోతే "కాలేదు" అనే ఒక మనిషికి ఫోన్ చేసి చెప్పండి. ఇంకొకటి, ఇంటర్వ్యూకు ముందు రిజిస్ట్రేషన్ అని డబ్బు అడిగినా, ఓటీపీ అడిగినా, మా అవ్వ లాగా పెట్టేయండి.

అవ్వకు ఈ సంగతి చెప్పడానికి నిన్న ఫోన్ చేశాను. విని, "సరేలే" అంది. తర్వాత, "నా పూల దుడ్లు పడే ఖాతాలో కూడా ఆ మాదిరి పట్టినారేమో చూడు పాపా" అంది. మామ పాస్‌బుక్కు ఫొటో తీసి పంపాడు. రెండుసార్లు పట్టారు. ఊరికి పోయినప్పుడు నేనే ఆమెతో బ్యాంకుకు పోయి అడగాలి.