పూడ్చిన చెరువు మీద పునాది

భీమవరం చుట్టుపక్కల చేపల చెరువులు పూడ్చి ఇళ్ల స్థలాలు చేస్తున్నారు, ఆ ఇళ్ల కింద ఏం జరుగుతుందో చూసి రాయమని మా సంపాదకులు పురమాయించారు. పట్నం పొలిమేరలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటుకు పైళ్లు, అంటే నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు, వేస్తున్న చోటికి వెళ్లాను. సైటు ఇంజనీరు ప్లాను పరిచి మొదటి నుంచి చెప్పబోయాడు గానీ, నేను ముక్కాలి గడ దగ్గరే ఆగిపోయాను. అక్కడ ఒక పెద్దాయన పని చేస్తున్నాడు.

వించి మీద నుంచి ఇనుప తాడు, దాని కొసన బరువైన చిసెల్. అది గోతిలో పడ్డ ప్రతిసారీ పెద్దాయన తాడు మీద అరచెయ్యి ఆనిస్తాడు. బంకమట్టిలో చిసెల్ మెత్తగా దిగిపోతుంది, తాడు వదులవుతుంది. గట్టి పొర తగిలితే అదురు చేతికి తెలుస్తుంది. బెయిలర్‌తో పైకి తీసిన బురదను చిటికెడు తీసుకుని నలిపి, "ఇదింకా బంకేనండి. ఇసుక రాలేదు" అన్నాడు. అప్పటికి 11 మీటర్లు దిగారు.

పక్క గోతి 18 మీటర్లకు దిగి సిద్ధంగా ఉంది. కాంక్రీటు బండి రోడ్డు మీద ఆగి ఉంది. పెద్దాయన చివర బరువు కట్టిన తాడు గోతిలోకి వదిలి అడుగు తాకించాడు, పైకి లాగి గుర్తు చూశాడు, మళ్లీ వదిలాడు. "జానెడు బురద పేరుకుందండి. ఇంకోసారి కడగాలి" అన్నాడు. ఇంజనీరు బండి వైపు చూశాడు, కానీ కాదనలేదు. గోతిలో బెంటనైట్ మట్టి కలిపిన నీళ్లు మళ్లీ తిప్పడం మొదలైంది.

ఆ ఖాళీలో పెద్దాయన మనసులో మాట బయటపెట్టాడు. "చాలా చోట్ల ఇలా కడగనివ్వరండి. టైమ్ అయిపోతోంది, పోసెయ్ అంటారు. బురద మీద పోస్తే ఆ పైలు నిలబడేది బురద మీదే కదండీ. అప్పుడెవరికీ కనపడదు. బిల్డింగు ఓ పక్కకి ఒరిగాక కనపడుద్ది."

ఆయన మాటలో అతిశయం లేదు. పైలు భారాన్ని రెండు చోట్ల దించుతుంది: ఒళ్లంతా మట్టితో ఒరిపిడి పట్టి కొంత, అడుగున ఆనుకుని కొంత. అడుగున బురద ఉంటే ఆ రెండో పని మొదలవ్వాలంటే ముందు ఆ బురద నలగాలి, అంటే పైలు దిగాలి. అన్ని పైళ్లూ ఒకేలా దిగితే ఇంటికి పెద్దగా నష్టం లేదు. మన ఐఎస్ 1904 ప్రమాణమే మెత్తని బంకమట్టి మీద రాఫ్ట్ పునాది (ఇంటి కిందంతా పరిచే కాంక్రీటు పలక) 100 మిల్లీమీటర్ల దాకా కుంగడాన్ని ఒప్పుకుంటుంది. ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ కుంగినప్పుడే గోడలు పగులుతాయి.

పైళ్లు తగ్గించవచ్చు కదా అని ఇంజనీరును అడిగాను. ఆ ఆలోచన పాతదే. నేల భారాన్ని మోయగలిగినా కుంగుబాటు మాత్రం మితిమీరే చోట, రాఫ్ట్‌ను నేల మీదే ఆననిచ్చి, కుంగుబాటును అదుపు చేసేందుకే కొన్ని పైళ్లు వేయవచ్చని బర్లాండ్, మరో ఇద్దరు నిపుణులు 1977లో ప్రతిపాదించారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 250 మీటర్లకు పైగా ఎత్తున్న మెస్సెటూర్మ్ అలాగే 64 పైళ్లు, ఒక రాఫ్ట్ కలిసి మోస్తుండగా నిలబడింది. అక్కడ రాఫ్ట్ కిందున్నది గట్టి బంకమట్టి.

"ఇక్కడ కుదరదండి" అన్నాడు ఇంజనీరు. చెరువులో పోసిన కొత్త మట్టి బరువుకు కింది మెత్తని బంక లోంచి నీరు మెల్లగా బయటికి పోతుంది, ఏళ్ల తరబడి నేల అణుగుతూనే ఉంటుంది. రాఫ్ట్ కింద నేల అలా దిగిపోతే భారం మోసేందుకు ఆ నేల ఉండదు. పైగా అణిగే మట్టి పైళ్లను పట్టుకుని తనతోపాటు కిందికి లాగుతుంది. ఇల్లు కట్టక ముందే పైలు మీద పడే భారం అది. అంతలో ఫోన్ వచ్చింది. "పూడ్చి ఏడాది కూడా కాలేదు సార్, పక్క స్థలం మట్టి పరీక్ష రిపోర్టుతో ఎలా చేస్తాం?" అని గట్టిగా అన్నాడు.

నాకు కోపం వచ్చింది. గేటుకూ గ్రానైటుకూ లక్షలు పెట్టేవాళ్లు మట్టి పరీక్ష దగ్గరికొచ్చేసరికి అరువు కాగితంతో సరిపెడుతున్నారు. చెరువు ఎంత లోతు ఉండేదో, ఏ మట్టితో, ఏ ఏడాది పూడ్చారో అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు. తెలియనితనానికి మందుగా ఇంకో నాలుగు పైళ్లు కలుపుతారు. నేల సంగతి తెలిసి వేసిన పది పైళ్లు, తెలియక వేసిన పదిహేను పైళ్లకన్నా మేలు. పెద్దాయన లాంటివాళ్ల చేతికి తెలిసింది కూడా ఏ రిజిస్టరులోనూ ఎక్కడం లేదు. ఏ గోతిలో ఏ లోతున ఇసుక తగిలిందో ఆయన చెబుతుంటే రాసుకునే మనిషి ఒకడుంటే చాలు.

పూడ్చిన చెరువులో స్థలం కొనేవాళ్లకు నా మనవి. మీ స్థలంలోనే బోరు వేసి చేసిన మట్టి పరీక్ష రిపోర్టు అడగండి. పూడ్చిన సంవత్సరం రాతపూర్వకంగా తీసుకోండి. పైళ్లు వేసే రోజున సైటుకు వెళ్లి, కాంక్రీటు పోసేముందు గోతి అడుగు కొలిచారో లేదో చూడండి. ఇంకోసారి కడగాలని మేస్త్రి అంటే, బండికి వెయిటింగ్ చార్జీ మీరే కట్టి కడగనివ్వండి.