మా యింటి శిశురక్షణము

జూబిలీ హిల్సు, ఫిలిం నగరు అనిన తోడనే పాఠకురాండ్రకు నటీనటుల సౌధములును, వాని వాకిండ్లయందు నిలుచు కార్లును స్ఫురించుట సహజము. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు ఈ ప్రాంతమున అన్నపూర్ణా స్టూడియోను నెలకొల్పిన నాటినుండి, మదరాసునందుండిన తెలుగు చిత్రపరిశ్రమ క్రమక్రమముగా ఈ కొండలకు తరలి వచ్చినది. ఆ సౌధములకు దిగువను, బండరాళ్ళ నడుమ, బస్తీలును గలవు. అందును, చెంతనున్న కృష్ణానగరునందును, చిత్రములకు చేతిపని చేయువారు కాపురముందురు. కేశాలంకరణ చేయు స్త్రీలు, దుస్తులు కుట్టువారు, గుంపులో నిలుచు జూనియరు ఆర్టిస్టులు, నాట్యబృందములోని యువతులు, షూటింగుల వద్ద అంట్లు తోమువారు వీరిలోనివారే. తెరమీద తల్లి బిడ్డ నెత్తుకొని విలపించుచుండగా మనమును కన్నీరు తుడుచుకొందుము గాని, ఆ నటికి జడవేసిన యామె బిడ్డ ఆ సమయమున ఎచ్చట నుండెనో విచారింపము. అట్టి బిడ్డలు ఐదుగురిని మా యింట నుంచుకొని చూచుట మొదలిడి రెండేండ్లయినది.

ప్రభుత్వమువారు ఈ విషయమున ఊరకుండిరనరాదు. 1975 అక్టోబరు 2వ తేదీన ప్రారంభమైన పథకమువలన దేశమున అంగన్‌వాడీలు వెలసినవి. అవి సాయంకాలమునకే మూతపడును. 2017లో ప్రసూతి చట్టమును సవరించి, 50 మంది లేక అంతకెక్కువ ఉద్యోగులున్న ప్రతిచోటను శిశుగృహ ముండవలెననియు, తల్లి దినమునకు నాలుగుమారులు పోయి బిడ్డను చూచుకొనవచ్చు ననియు విధించిరి. చదివినపుడు మాకు సంతోషమే కలిగినది. కాని చిత్రీకరణము నేడొక స్టూడియోలో జరుగును. రేపు నగరమున కావలి కొసనున్న రామోజీ ఫిలిం సిటీలో జరుగును. ఎల్లుండి ఏ పల్లెపట్టుననో జరుగును. దినకూలికి పోవు స్త్రీ ఎవరి ఉద్యోగిని? నాలుగుమారులు పోయి చూచుటకు ఆమె బిడ్డ ఏ గదిలో నుండును?

మేమీ పనికి పూనుకొన్నపుడు బంధువులు కొందరు ఉదయము తొమ్మిదింటికి తెరచి సాయంకాల మారింటికి మూసివేయుడని హితవు చెప్పిరి. ఆ వేళలకు సరిపడు తల్లులు కార్యాలయములలో కంప్యూటర్ల యెదుట కూర్చుండువారు; వారికై ఇచట గాజుతలుపుల శిశుశాలలు పెక్కు గలవు. కాల్షీటు ఆరుగంటలకనిన, కేశాలంకరణ చేయునామె అంతకుముందే అచట నుండవలెను. కథానాయిక జడ ముగియనిదే దీపములు వెలుగవు గదా! కంపెనీవారి బండి చీకటితోనే వచ్చును. ఇక ప్యాకప్ అను మాట ఎప్పుడు వినబడునో దర్శకునకే తెలియదు. కావున మా తలుపు ఐదింటికి తెరచి రాత్రి పదింటికి మూయుదుము. మావారు బడినుండి వచ్చిన పిదప సాయంకాలపు భారమును పంచుకొందురు. ఇట్టి తోడు లేనివారు ఈ వేళలకు పూనుకొనవలదు. ఒక్క స్త్రీ, ఐదుగురు పిల్లలు, పొయ్యిమీద పొంగుచున్న పాలు, ఇది ఆపదను పిలిచి పీటవేయుటయే.

ఐదుగురిలో నడకరానివారు ఇద్దరికి మించరాదు. స్నానపు గదిలో నీళ్ళ బకెట్టు నిండియుండరాదు. తప్పటడుగుల పిల్ల తలక్రిందుగా పడినచో జానెడు నీరే ప్రాణము తీయును. వేరుసెనగ గింజలు, పుట్నాలు, గుండ్రని ద్రాక్షపండ్లు పిల్లలకు అందనీయము. తల్లి పిండి యిచ్చిన పాలు బయట నాలుగు గంటలకంటె ఎక్కువ నిలువవు గనుక, సీసా రాగానే వేళ వ్రాసి ఫ్రిజ్జులో పెట్టుదుము. తొమ్మిది నెలలు నిండిన బిడ్డకు తట్టు, రుబెల్లా టీకా పడినదా యని కార్డు చూతుము. బిడ్డను తీసికొనిపోదగినవారి ఛాయాచిత్రము మా పుస్తకమున అంటించియుండును. ఆ చిత్రము లేనివాడు సాక్షాత్తు తండ్రినని చెప్పినను, తల్లికి ఫోను చేయక తలుపు తీయము. ఇందువలన మాకు ఒకటి రెండు తగవులు రాకపోలేదు.

అన్నిటికంటె ఎక్కువ చర్చకు వచ్చినది రుసుము. దినమునకు 150 రూపాయలు, రాత్రి ఎనిమిది దాటిన మరి 50. కూలి ఆలస్యముగా చేతికి వచ్చు పరిశ్రమ గనుక నెలబాకీ యడుగక, వచ్చిననాడే పుచ్చుకొందుము. పెద్దలలో ఒకరు, పసిబిడ్డలను లాలించి పైకము పుచ్చుకొనుట వాత్సల్యమును అమ్ముకొనుట గాదా యనిరి. వాత్సల్యమన నెట్టిదో మేమెరుగనిది గాదు. వ్యాసభారతమున, ఉద్యోగపర్వమునందు, నీవు కుంతీపుత్రుడవని కృష్ణుడు చెప్పినపుడు, కర్ణుడు సూతుని భార్యయైన రాధను తలచుకొనును. తనపై ప్రేమచే ఆమెకు పాలు చేపెననియు, తన మలమూత్రముల నామె యెత్తెననియు చెప్పి, అట్టి యామెకు పిండము లేకుండ నెట్లు చేయుదునని యడుగును. అంతటి వీరునకు ఆ సమయమున గుర్తువచ్చినది గుడ్డలు మార్చిన చేతులు! ఆ పనికి వెలగట్టుట మాకును సాధ్యము గాదు. కాని ఉచితముగా బిడ్డను వదలిన తల్లి నోరు మెదపలేదు. మా యింటికి వచ్చు నొకామె అంతకుముందు పొరుగింట నూరకనే పిల్లవానిని విడిచెడిది. మధ్యాహ్నమువరకు వానికి అన్నము పెట్టలేదని తెలిసియు, ఉపకారమునకు కట్టుబడి, అడుగజాలకపోయెనట. నేడామె గుమ్మమున నిలిచి, ఎన్నిమార్లు తినెను, ఎంతసేపు పడుకొనెను, మోకాలిమీద ఈ గీత యేమని నిలదీసి యడుగుచున్నది. ఆ 150 రూపాయలు ఆమెకిచ్చిన అధికారమది.

ఆమె మమ్ము అక్కా యనును గనుక, పిల్లవానికి పెద్దమ్మ యని పిలువ నేర్పితిమి. ఏడాదిన్నర పిల్లవాడు ముందరి యక్షరములు మ్రింగి ‘అమ్మ’ అని మాత్రమే యనును. ఒక రాత్రి గుమ్మమున చెప్పులు విడుచుచు ఆమె ఆ పిలుపు విన్నది. ఏమియు ననలేదు. సంచిలోని జడపిన్నులు తీసి, లెక్కపెట్టి, మరల సంచిలో వేసికొన్నది. మరునాటినుండి వానికి మాపటివేళ ఫోనులో తల్లి చిత్రమును చూపి, ఇది అమ్మ, నేను పెద్దమ్మ యని చెప్పుచున్నాము. వాడు రెండింటికిని ఒకే పిలుపు పిలిచి నవ్వును.

అటుపిమ్మట ఆమె యొక కోరిక కోరినది. “అక్కా, నేను వచ్చేదాకా వాణ్ణి నిద్రపుచ్చకండి. పొద్దున నిద్రలోనే తెస్తాను, రాత్రి నిద్రలోనే తీసుకుపోతాను. వాడు నన్ను ఎప్పుడు చూస్తాడు?” అన్నది. ఆ యీడు పిల్లలకు పగటి కునుకుతో గూడ దినమునకు 11 మొదలు 14 గంటల నిద్ర కావలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థవారి మాట. తొమ్మిదింటికే కండ్లు నలుపుకొను బిడ్డను మేలుకొలిపి యుంచుట మాకు సమ్మతము గాలేదు. అదియే చెప్పితిమి. ఇప్పుడు భోజనవిరామమున ఆమె ఫోను చేసి ఆనాటి ప్యాకప్ వేళను అంచనా వేసి చెప్పును. దానినిబట్టి పగటి నిద్రను పొడిగించుచున్నాము. ఆమె అంచనా పది దినములలో ఏడు దినములు తప్పును. తప్పిననాడు వాడు ఆమె భుజముపై నిద్రించుచునే మెట్లు దిగిపోవును. ఈ విషయమున ఆమెకును మాకును ఇంకను సమాధానము కుదరలేదు. వారమునకొకమారైనను వాదించుకొనుచునే యున్నాము.