అద్దె సైకిలెక్కి బమ్మెరకు

పోయిన కార్తీకంలో అమ్మ మొక్కు తీర్చడానికి అందరం పాలకుర్తి వెళ్ళాం. అమ్మ ఉండేది జనగామ, నా మెట్టినిల్లు మహబూబాబాదు, మా చెల్లెలిది భూపాలపల్లి. ఇదివరకు మూడూ వరంగల్ జిల్లా ఊళ్ళే. 2016 అక్టోబరు 11 నుంచి దేని జిల్లా దానిదే. "తల్లొక జిల్లా, బిడ్డలు చెరొక జిల్లా" అంటుంది అమ్మ.

పాలకుర్తి గుట్టమీద సోమేశ్వరుడు, లక్ష్మీనరసింహుడు ఇద్దరూ కొలువున్నారు. బసవపురాణం రాసిన పాల్కురికి సోమనాథుడిది ఈ ఊరే. తన పంట గింజ దొరకు దక్కనివ్వని చాకలి ఐలమ్మదీ ఈ ఊరే. దర్శనం చేసుకుని, కొబ్బరిచిప్పలు సంచిలో వేసుకుని కిందికి దిగాం. ఇక్కడినుంచి పోతన్నగారి బమ్మెర దగ్గరే, చూసి పోదామనుకున్నాం. ఆటో మాట్లాడుతుంటే పక్కనే ఒక సైకిల్ రిపేరు కొట్టు కనబడింది. బయట నాలుగైదు పాత సైకిళ్ళు నిలబెట్టి ఉన్నాయి. "కిరాయికి ఇస్తావా బాబూ?" అని అడిగేశాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

అసలు సంగతి చెప్పాలి. నేను ఆరో తరగతిలో ఉండగా జనగామలో గంటల లెక్కన సైకిళ్ళు అద్దెకిచ్చేవారు. మడ్‌గార్డు మీద నంబరు ఉండేది. కొట్టతను నోటుబుక్కులో పేరు, టైము రాసుకునేవాడు. గంట దాటితే ఇంకో గంట డబ్బులు. ఆడపిల్లల సైకిల్ ఒక్కటే ఉండేది, అదెప్పుడూ ఎవరో ఒకరు పట్టుకుపోయేవారు. అందుకని పెద్ద సైకిల్ కడ్డీ కింద నుంచి కాలు దూర్చి కైంచీ తొక్కుతూ నేర్చుకున్నాను. పదో తరగతికల్లా చెల్లెల్ని వెనక కూర్చోబెట్టుకుని పెంబర్తి దాకా పోయొచ్చేదాన్ని. ఇత్తడి సామాను చేసే సుత్తుల చప్పుడు వినబడితే ఊరొచ్చిందని తెలిసేది.

ఇంటర్ చేరగానే అమ్మ ఆపేసింది. "పెండ్లికెదిగిన పిల్లవు, సైకిలేంది?" అంది. అంతే, మళ్ళీ ఎక్కలేదు. పాతికేళ్ళు దాటింది.

సరిగ్గా నేను కైంచీ తొక్కే రోజుల్లోనే తమిళనాడులో పుదుక్కోట్టై అనే జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు పల్లెటూరి ఆడవాళ్ళు వేలమంది సైకిల్ నేర్చుకున్నారట. అప్పుడక్కడ కలెక్టరు కూడా స్త్రీయే. ఆడవాళ్ళ సైకిళ్ళు దొరక్క మగవాళ్ళవి కొన్నారట. పైగా ముందు కడ్డీ మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చని కొందరు అవే కావాలన్నారట! చాలా ఏళ్ళ తర్వాత అది చదివినప్పుడు, ఆ జిల్లాలో పుట్టకపోతినే అనిపించింది.

సరే, కొట్టబ్బాయి చిన్న సైకిల్ ఒకటి ముందుకు తెచ్చాడు. నాకు పౌరుషం వచ్చింది. "నాకు బాగా వచ్చు బాబూ, ఆ పెద్దది ఇవ్వు" అన్నాను. మావారు చెల్లెలి వైపు చూసి నవ్వడం నా కంటపడింది. పంజాబీ డ్రస్సులోనే ఉన్నాను గనుక ఎక్కడం కష్టం కాలేదు. తొక్కడమూ కష్టం కాలేదు, పది గజాలు బ్రహ్మాండంగా పోయాను. ఆపడం దగ్గరే వచ్చింది చిక్కు. కాలు నేలకందలేదు. పదహారేళ్ళప్పుడైతే కదులుతుండగానే దూకేదాన్ని. ఇప్పుడు మోకాలు ఆ మాట వినలేదు. పక్కనున్న ఇసుకకుప్ప మీద కూలబడ్డాను. మోచెయ్యి గీరుకుంది.

"అక్కా, తొక్కుడు యాదికుంటది గని కాళ్ళకు యాదుండదు. ఇది చూడు" అన్నాడు అబ్బాయి, ఏమీ కానట్టు, ఆ చిన్న సైకిలే మళ్ళీ తెచ్చి. ఈసారి నోరు మూసుకుని విన్నాను.

అతను చూపించినవి మీకూ చెబుతాను, ఎప్పుడైనా అవసరపడవచ్చు. బాగా అలవాటున్నవాళ్ళకు సీటు కాస్త ఎత్తుండాలి. పెడలు కిందికి పోయినప్పుడు కాలు దాదాపు చాపినట్టు రావాలి, అప్పుడే మోకాలికి శ్రమ ఉండదు. కానీ చాలాకాలానికి ఎక్కేవాళ్ళు మొదట్లో దించి పెట్టుకోవాలి, కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి. ధైర్యం వచ్చాక వేలెడు వేలెడు పెంచుకోవచ్చు. ముందు చక్రం రెండు కాళ్ళ మధ్య బిగించి పట్టుకుని హ్యాండిల్ తిప్పి చూడాలి, వదులుగా ఉంటే అది తిరిగిపోతుంది. టైరును బొటనవేలితో గట్టిగా నొక్కితే మెత్తగా లోపలికి పోకూడదు. బ్రేకు పట్టుకుని సైకిల్ ముందుకు తోస్తే చక్రం కదలకూడదు. నేను తోసి చూస్తే ముందు చక్రం కదిలింది. అబ్బాయి రబ్బర్లు మార్చి బిగించాడు. చెయిను మీద మూత ఉందో లేదో చూడండి. చీరకట్టుతోనైతే అది లేని బండి అసలొద్దు. గేర్ల సైకిలు కూడా ఉంది గానీ, ఉన్నవి చాలు, కొత్త తిప్పలెందుకని వద్దన్నాను. డబ్బిచ్చే ముందు అక్కడే నాలుగు చుట్లు కొట్టాను. ఎక్కడం కంటే దిగడమే ఎక్కువసార్లు చేశాను.

ఆటో ముందు, నేను వెనక. మొదటి మలుపుకల్లా ఆయాసం వచ్చింది, సిగ్గు లేకుండా దిగి నడిపించుకున్నాను. తర్వాత దారి ఒంటికి పట్టింది. రెండువైపులా కోతకొచ్చిన వరి, గట్ల మీద తాటిచెట్లు. మేకలమందకు బెల్లు కొడితే తప్పుకోలేదు, నేనే బ్రేకు కొట్టి రెండు కాళ్ళూ ఆనించాను. చిన్న సైకిల్ విలువ అప్పుడు తెలిసింది.

బమ్మెరలో పోతన్న దున్నిన పొలమని చూపిస్తారు, ఆయన సమాధి అనీ చూపిస్తారు. కడప వైపు ఒంటిమిట్ట వాళ్ళు పోతన్న మావాడంటారు. ఆ తగవు పండితులది. నాకు మాత్రం ఆ పొలం గట్టున నిలబడితే, భాగవతం చెప్పిన మనిషి అరక పట్టాడన్న మాట నమ్మబుద్ధేసింది.

అమ్మ ఆటోలోంచి దిగి నా దగ్గరికొచ్చింది. కొంగుతో నా మొహం మీది చెమట తుడిచి, మోచెయ్యి తిప్పి చూసింది. కోప్పడుతుందనుకున్నాను. సైకిల్ సీటు మీద చెయ్యేసి కాసేపు ఊరుకుంది.

"అప్పుడు నేనే వద్దంటినే?" అంది.

"అవునమ్మా" అన్నాను.

"ఇంకో గంటకు ఎంత తీసుకుంటడట?" అని కొంగుముడి విప్పింది.