కార్డు ముందా? కన్ను ముందా?

మా అమ్మ సంవత్సరీకానికి ఆమె పాత రంగుల ఫోటో స్కాన్ చేయించి, వెలిసిపోయిన రంగులు నేనే దిద్ది, పెద్దది చేయించాలనుకున్నాను. "గ్రాఫిక్స్ కార్డు మంచిదుంటేనే ఫోటో బాగా వస్తుంది డాక్టరుగారూ!" అన్నాడు కంప్యూటర్ల కొట్టతను. నమ్మాను. డబ్బంతా కార్డుకే పోసి, మానిటరు చవకది తెచ్చుకున్నాను.

పది రాత్రులు కూర్చున్నాను. కళ్ళ మంట, తలనొప్పి, మెడ నొప్పి. తీరా ప్రింటు చూసి మా చెల్లెలు, "అన్నయ్యా, అమ్మ చీకట్లో కూర్చున్నట్టుందేం?" అంది.

తప్పు ఎక్కడుందో చెబుతాను, మీకు పనికొస్తుంది. కొత్త మానిటర్లకు వెలుగు బాగా పెంచి ఉంటుంది. బొమ్మ మరీ తెల్లగా కనబడి మనం తగ్గిస్తాం. కాగితానికి సొంత వెలుగు లేదు గనుక ప్రింటు నల్లబడుతుంది.

కాబట్టి ముందు మంచి మానిటరు కొనండి. ఐపీఎస్ రకం, ఎస్‌ఆర్‌జీబీ రంగులు నూటికి నూరుపాళ్ళూ చూపేది, 24 లేదా 27 అంగుళాలది చాలు. పక్కన తెల్ల కాగితం పెట్టి, రెండు తెలుపులూ ఒకేలా కనబడేదాకా వెలుగు తగ్గించండి. రాత్రిపూట తెరను పసుపు చేసే ఏర్పాటుంటే, రంగులు దిద్దేటప్పుడు ఆపేయండి.

కార్డు పనిని తొందరగా చేస్తుంది, అంతే. రంగును బాగుచేయదు. మామూలు ఫోటోలకు మంచి ప్రాసెసరు, 16 జీబీ ర్యామ్ ఉంటే కంప్యూటరులో ఉన్న గ్రాఫిక్సే సరిపోతుంది. కృత్రిమ మేధతో ఫోటోల్లోని నలకలు తీసే పని రోజూ ఉన్నవారు 8 జీబీ కార్డు తీసుకోవచ్చు.

ఇక మెడ నొప్పి. నాది చత్వారం, బైఫోకల్ అద్దాలు. వాటి కింది భాగంలోంచి తెర చూడాలని గడ్డం పైకెత్తి కూర్చున్నాను! ఓపీలో రోజూ పదిమందికి చెప్పే మాట నాకు నేను చెప్పుకోలేదు. నలభై దాటినవారు కంటి డాక్టరుకు చూపించుకుని, తెర దూరానికి సరిపడే అద్దాలు విడిగా రాయించుకోండి. తెర చేయి చాచినంత దూరంలో, దాని పై అంచు కంటి మట్టానికి కాస్త దిగువన ఉండాలి. తెర చూస్తూ రెప్ప వేయడం తగ్గిస్తాం. కళ్ళు ఆరి మండుతాయి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరాన 20 సెకన్లు చూడండి. రెప్పలు నిండుగా ఆర్పండి.

మానిటరు మార్చి, కొత్త అద్దాలు పెట్టుకుని మళ్ళీ దిద్దాను. ఈసారి చెల్లెలు ఏమీ అనలేదు. కాసేపు చూసి, పటానికి దండ వేసింది.