కొత్త కారు రంగులో లోపం

కొత్త కారు రంగులో కనిపించే లోపాలన్నీ ఒక కోవకు చెందవు. కర్మాగారంలోనే చిక్కుకొనే దుమ్ము నలుసులు, నారింజ తొక్కను పోలిన గరుకుదనం సాధారణంగా క్లియర్ కోట్‌కే, అనగా రంగును కాపాడే పారదర్శకమైన పై పొరకే పరిమితమై, పాలిష్‌తో చాలావరకు తొలగిపోతాయి. రవాణాలో దెబ్బతిన్న భాగానికి మళ్లీ రంగు వేయించి ఉంటే మాత్రం విషయం వేరు. కర్మాగారంలో ఒట్టి లోహపు బాడీపై ఈ పొరను దాదాపు 140 డిగ్రీల సెల్సియస్ వేడిలో గట్టిపరుస్తారు. వైర్లు, సీట్లు, ప్లాస్టిక్ భాగాలు అమర్చిన తరువాత అంతటి వేడి తగలనీయడం కుదరదు కనుక, వర్క్‌షాపులో 60 డిగ్రీల ప్రాంతంలో ఆరే వేరొక రకపు పెయింటును వాడవలసి వస్తుంది. లోహపు భాగాలపై పూత మందాన్ని మైక్రాన్లలో, అనగా మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో, కొలిచే పరికరం మళ్లీ రంగు వేసిన చోటును పట్టిస్తుంది: చాలా కార్లలో కర్మాగారపు పూత 100 నుండి 150 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది గనుక, ఒక తలుపు మాత్రమే 250 చూపితే అనుమానించవలసిందే. ఈ పరీక్షను రిజిస్ట్రేషన్‌కు ముందే, పగటి వెలుగులో జరపాలి (షోరూమ్ దీపాల కింద ఏ కారైనా అందంగానే ఉంటుంది). కొనుగోలుదారు పేరు ఆర్‌సీలోకి ఎక్కిన పిదప కారు మార్పించుకోవడం కష్టమై, తగాదా వినియోగదారుల కమిషన్ దాకా పోవచ్చు. పాలిష్‌తో పోయే లోపమైతే లిఖితపూర్వకమైన హామీ తీసుకొని కారును స్వీకరించవచ్చు గాని, దాచిన రీపెయింటు బయటపడితే తగ్గింపు ధరకు లొంగక మరో ఛాసిస్ నంబరు గల కారును కోరడమే సముచితం.