నీళ్ల గుంటలో పడ్డ సాలీడు

నిప్పు లేనిదే పొగ రాదంటారు పెద్దలు. మరి నీళ్లు తగ్గాయని పొగ లేచిన ఉదంతం మీరెప్పుడైనా విన్నారా? 2018 ఆగస్టులో సరిగ్గా అదే జరిగింది. ఊరి చెరువేదో ఎండిపోయిందనుకునేరు! ఒక వీడియో గేమ్‌లో, ఒక ఫైటింగు సీన్లో, నేల మీద కనిపించాల్సిన నీళ్ల గుంట చిన్నదైపోయిందట. అంతే! అభిమానులు గగ్గోలు పెట్టేశారు. "మోసం! ముందు చూపించిందొకటి, ఇప్పుడు ఇస్తున్నదొకటి!" అని పాత ట్రైలరునీ కొత్త ట్రైలరునీ పక్కపక్కన పెట్టి, గుంటలకు కొలతలు తీశారు.

ఆ ఆట పేరు 'మార్వెల్స్ స్పైడర్‌మాన్'. ప్లేస్టేషన్ 4 కోసం తయారైంది. తీసినవాళ్లు - 'తీసిన' అనే అంటాను, ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది - ఇన్‌సామ్నియాక్ గేమ్స్ అనే అమెరికన్ సంస్థ. ఆ మాటకు అర్థం నిద్రపట్టని మనిషి అని! 1994లో పుట్టిన ఈ సంస్థ ఆఫీసు కాలిఫోర్నియాలోని బర్‌బ్యాంక్‌లో ఉంది. డిస్నీ, వార్నర్ బ్రదర్స్ స్టూడియోలున్న ఊరే అది. సినిమా గాలి పీల్చే పేటలోనే ఈ ఆటా పుట్టిందన్నమాట.

నా వృత్తి సినిమాల గురించి రాయడం. కానీ ఆదివారం రాత్రి అయిందంటే చిక్కడపల్లిలో మిత్రుడి గదికి చేరాల్సిందే. అక్కడ నలుగురం కూడతాం. ఒకాయనది బ్యాంకు ఉద్యోగం, ఒకాయనకు మొబైల్ షాపు, ఇంకొకాయనకు ఇంకా ఉద్యోగం దొరకలేదు. నాలుగో వాణ్ని నేను. ఒకరు ఆడుతుంటే ముగ్గురం మాట్లాడతాం. నిజం చెప్పొద్దూ, ఆడేదానికంటే మాట్లాడేదే ఎక్కువ! ఫస్ట్ లుక్ పోస్టరు వచ్చిన రోజు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో టీ కొట్టు దగ్గర హీరో మీసం గురించి ఎలా కొట్టుకుంటామో, స్పైడర్‌మాన్ గురించీ అలాగే కొట్టుకున్నాం.

మొదటి తగువు సాలీడు రంగు గురించి. 2016 జూన్‌లో లాస్ ఏంజిలిస్‌లో జరిగిన ఈ3 ప్రదర్శనలో ఈ ఆటను మొదటిసారి చూపించారు. చూస్తే ఏముంది! స్పైడర్‌మాన్ ఛాతీ మీద ఇంత పెద్ద తెల్ల సాలీడు. "సాలీడు తెల్లగా ఉండటమేమిటండీ? చిన్నప్పట్నుంచీ నల్లదే కదా చూస్తున్నాం!" అని చాలామంది పెదవి విరిచారు. ఆట 2018 సెప్టెంబర్ 7న విడుదలైంది. మొదటి మూడు రోజుల్లోనే 33 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. ఆ తెల్ల సాలీడు కాస్తా జనానికి ఎంత నచ్చేసిందంటే, ఆ దుస్తులతోనే ఆ స్పైడర్‌మాన్ అదే ఏడాది 'స్పైడర్-గెడ్డాన్' కామిక్ పుస్తకాల్లోకి కూడా వెళ్లాడు. కామిక్స్‌లోంచి ఆటలోకి వచ్చినవాడు, ఆటలోంచి మళ్లీ కామిక్స్‌లోకి! పుట్టింటికి కొత్త చీరతో వెళ్లినట్టు!

ఇక నీళ్ల గుంట సంగతి. గుంట సైజు మార్చామే తప్ప ఆట నాణ్యత తగ్గించలేదని సంస్థ సమాధానం చెప్పింది. ఎవరు వింటారు? చివరికి వాళ్లేం చేశారో తెలుసా? ఆటలో ఫొటోలు తీసుకునే సదుపాయం ఒకటుంది. అందులో నీళ్ల గుంటల స్టిక్కర్లు చేర్చేశారు. "కావలసినన్ని అంటించుకోండి బాబూ!" అన్నట్టు. కోపాన్ని నవ్వుతో తుడిచేయడమంటే అదీ!

అయినా నాకు అనుమానం తీరలేదు. అసలు ఒక గుంట ఎందుకు చిన్నదవుతుంది? మా పిన్ని కొడుకు హైదరాబాదులో ఒక గేమ్ స్టూడియోలో పనిచేస్తాడు. ఆటల్లో కనిపించే గోడలు, తలుపులు, మెట్లు, కరెంటు స్తంభాలు తయారుచెయ్యడం వాడి పని. వాణ్ని అడిగాను.

"అన్నయ్యా, ఒక సీన్లో లైటు మారిస్తే కెమెరామాన్ ఏం చేస్తాడు?" అని ఎదురు ప్రశ్న వేశాడు.

"మిగతావన్నీ సర్దుకుంటాడు."

"మేమూ అంతే. తయారీ అంటేనే సర్దుకోవడం. పైగా ఆ ఆటలో సెకనుకి 30 బొమ్మలు గీయాలి. ప్రతి బొమ్మకీ దొరికేది సెకనులో 30వ వంతు టైము. అందులోనే మనిషి కదలాలి, కార్లు తిరగాలి, అద్దాల్లో ఆకాశం కనపడాలి. ఒకచోట ఎక్కువ ఖర్చుపెడితే ఇంకోచోట తగ్గించుకోవాలి. మీ సినిమా బడ్జెట్టు లాగే!"

వాడు చెప్పిన ఇంకో విషయం విని నేను నోరెళ్లబెట్టాను. ఆ ఆటలో న్యూయార్క్ నగరం మొత్తం ఉందని మనమనుకుంటాం కదా? డిస్కులో ఉంటుంది గానీ, యంత్రం జ్ఞాపకంలో ఒకేసారి అంతా పట్టదు. స్పైడర్‌మాన్ వల వేసుకుని ఊగుతుంటే, ముందు వచ్చే వీధుల్ని డిస్కులోంచి గబగబా తెచ్చి నిలబెట్టాలి. వెనకబడ్డ వీధుల్ని తీసేయాలి. ఆర్ట్ డైరెక్టరు మనుషులు హీరో ముందు వీధి సెట్ వేస్తూ, హీరో దాటిపోగానే దాన్ని పీకేస్తూ పరిగెడుతున్నట్టు ఊహించుకోండి! అందుకే హీరో ఎంత వేగంగా ఊగవచ్చో తేల్చేది ఆ డిస్కు వేగమే. 2019 మేలో సోనీ సంస్థ ఇదే ఆటతో కొత్త యంత్రం సత్తా చూపించింది. పాత యంత్రంలో 8.10 సెకన్లు పట్టిన లోడింగు, కొత్తదాంట్లో 0.83 సెకన్లలో అయిపోయింది. నీళ్ల గుంటను కొలిచినవాళ్లలో ఈ సెట్ కూలీల పరుగును కొలిచినవాళ్లు ఎందరుంటారు?

అలాగని అభిమానుల మాటలన్నీ వృథా అంటానా? ససేమిరా అనను. శామ్ రైమీ తీసిన సినిమాల్లో టోబీ మగ్వైర్ వేసుకున్న దుస్తులు మీకు గుర్తుండే ఉంటాయి. 2002లో మొదటి సినిమా వచ్చినప్పుడు థియేటర్లో ఈలలు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆట విడుదల కాగానే "ఆ డ్రెస్ ఏదీ?" అని అభిమానులు పట్టుబట్టారు. 2018 డిసెంబర్‌లో సంస్థ ఆ డ్రెస్‌ను ఉచితంగా ఇచ్చింది. ఆ రాత్రి మా గదిలో పండగే అనుకోండి! అయితే అది వచ్చేలోపల, అడిగి అడిగి విసిగి, బూతులకు దిగినవాళ్లూ ఉన్నారు. డ్రెస్ అందరికీ అందింది. తిట్లు మాత్రం కొందరికే అందాయి. పని చేస్తున్నవాళ్లకి!

అభిమాని కంటికి పదునెంతో చెప్పే ఉదంతం ఇంకొకటుంది. 2023 అక్టోబర్ 20న 'మార్వెల్స్ స్పైడర్‌మాన్ 2' ప్లేస్టేషన్ 5 మీదికి వచ్చింది. అందులో ఒక హీరో మైల్స్ మొరాలెస్. వాళ్లమ్మది ప్యూర్టోరికో నేపథ్యం. వాళ్లింట్లో మాత్రం క్యూబా జెండా కనిపించింది! రెండు జెండాలూ చూడటానికి ఒకలాగే ఉంటాయి, రంగులే తారుమారు. ఆటగాళ్లు ఇట్టే పట్టేశారు. సంస్థ క్షమాపణ చెప్పి సరిదిద్దింది. ఇదీ అభిమానం అంటే! పూర్తయిన పనిని శ్రద్ధగా చూసి, తప్పు వేలుపెట్టి చూపించడం. మన ఇంటి పేరు పెళ్లి కార్డులో తప్పుపడితే ఊరుకుంటామా? జెండా విషయంలో వాళ్లూ అంతే.

అయితే ఇప్పుడు చెప్పబోయేది అంత తేలిగ్గా తేలే తగువు కాదు. 2020లో మొదటి ఆటను కొత్త యంత్రం కోసం మెరుగుపరుస్తూ, హీరో పీటర్ పార్కర్ ముఖమే మార్చేశారు! అంతకుముందు ముఖానికి మోడల్ జాన్ బబ్నియక్. కొత్త ముఖం బెన్ జోర్డన్‌ది. గొంతూ నటనా మొదట్నుంచీ యూరీ లోవెంతాల్‌వే. మనకు గొంతు డబ్బింగు తెలుసు. ఇది ముఖానికి డబ్బింగు! లోవెంతాల్ ముఖ కండరాల కదలికను కెమెరాలు పట్టుకుంటాయి. ఆ కదలికను ఇంకొకరి ముఖం మీదికి ఎక్కిస్తారు. కొత్త ముఖమైతే ఆ నటనకు చక్కగా అతుకుతుందని సంస్థ చెప్పింది.

అభిమానులు ఊరుకుంటారా? "మా పీటర్ మాకు కావాలి!" అన్నారు. నేనూ అన్నాను. ఇప్పటికీ అంటాను. ఆ పాత ముఖంలో అద్దె కట్టలేని కుర్రాడి అలసట ఉంది, ఆ ముఖంతోనే నేను పెద్దమ్మ చావు చూసి కంటతడి పెట్టాను. క్రియేటివ్ డైరెక్టర్ బ్రయాన్ ఇంటిహార్, కొత్త ముఖానికి అలవాటుపడటానికి తనకే కొంత టైము పట్టిందని బాహాటంగా ఒప్పుకున్నారు. కానీ వెనక్కి తగ్గలేదు. రెండో ఆటలోనూ పాత ముఖం తిరిగి రాలేదు. నచ్చలేదని చెప్పడం నా హక్కు. తగ్గకపోవడం వాళ్ల హక్కు. నచ్చలేదని బెదిరింపు ఉత్తరాలు రాయడం ఎవరి హక్కూ కాదు. అలా రాసినవాళ్లూ ఉన్నారు మరి!

ఇక్కడ మా తమ్ముడి సంగతి చెప్పాలి. వాళ్లు పనిచేసిన ఒక ఆట ట్రైలరు వచ్చినప్పుడు అందులో ఒక పాత చెక్క తలుపు అరసెకను కనిపించింది. మూడు వారాలు కూర్చుని వాడు చేసిన తలుపది. దాన్ని ఆపి, పెద్దది చేసి, "బద్ధకస్తుల పని" అని రాశాడొక పెద్దమనిషి. మావాడు అది నాకు చూపించి నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఇంట్లో పిన్నికి మాత్రం చూపించలేదట.

2023 డిసెంబర్‌లో ఆ నవ్వు కూడా పోయింది. రైసిడా అనే దొంగల ముఠా ఇన్‌సామ్నియాక్ కంప్యూటర్లలో చొరబడి, 50 బిట్‌కాయిన్లు ఇమ్మంది. డబ్బు రాకపోయేసరికి 1.67 టెరాబైట్ల సరుకు, 13 లక్షలకు పైగా ఫైళ్లు, బజార్న పడేసింది. అందులో ఇంకా తయారీలో ఉన్న 'వుల్వరిన్' ఆట అరకొర రూపం ఉంది. ఉద్యోగుల సొంత కాగితాలూ ఉన్నాయి. "బొమ్మలు సరిగా లేవు, కదలిక బాగాలేదు" అని ఆ సగం వండిన కూరకు మార్కులు వేసినవాళ్లు బోలెడుమంది!

ఆ వారం మా గదిలోనూ ఆ వీడియో చూద్దామా వద్దా అని పెద్ద వాదన నడిచింది. "అందరూ చూస్తున్నారు, మనం చూడకపోతే ఏమైనా ఆగుతుందా?" అన్నాడు మొబైల్ షాపు మిత్రుడు. ఆ వేళ తమ్ముడు కూడా అక్కడే ఉన్నాడు. వాడు ఆటమాటే ఎత్తలేదు. మెల్లగా నన్నడిగాడు:

"అన్నయ్యా, నా ఆధార్ కాపీ, అమ్మ పేరు, బ్యాంకు నంబరు... అన్నీ మా ఆఫీసు కంప్యూటర్లోనే ఉంటాయి కదా?"

ఎవరం మాట్లాడలేదు. మొబైల్ షాపు మిత్రుడే లేచి టీవీ కట్టేశాడు. వీడియో చూడలేదు.

ఎడిటింగ్ టేబుల్ మీద దొంగిలించిన సినిమాను మనం విమర్శించం, అది దొంగసొత్తు అంటాం. తెర వెనక లైట్‌బాయ్ ఇంటి అడ్రసు గోడ మీద రాస్తే ఊరుకోం. ఆటలకూ ఆ మర్యాదే ఇస్తే చాలు. 'తీసినవాళ్లు' అని మొదట్లో అన్నది అందుకే. అక్కడా డైరెక్టరున్నాడు, నటుడున్నాడు, సెట్లు వేసే కుర్రాళ్లున్నారు, వాళ్లకోసం అన్నం పెట్టుకుని ఎదురుచూసే అమ్మలున్నారు.

కాబట్టి మిత్రులారా, వాదించుకోండి! తెల్లవార్లూ వాదించుకోండి. వాదన లేని అభిమానం ఉప్పులేని పప్పు. జెండా తప్పయితే నిలదీయండి. పాత డ్రెస్ కావాలంటే అడగండి. హీరో ముఖం నచ్చకపోతే నచ్చలేదని పదిసార్లు చెప్పండి, నేనూ మీ వెనకే ఉంటాను. ఆ ముఖం గీసినవాడి ఇల్లెక్కడో మాత్రం వెతక్కండి!